ఖల్లివెల్లి కోచ్ గారూ, మా కాలేజీకి దయచేయండి

2007 డిసెంబర్ 10, సోమవారం రాత్రి. అమెరికాలో అట్లాంటా ఫాల్కన్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో చిత్తుగా ఓడింది. మర్నాడే కోచ్ బాబీ పెట్రినో రాజీనామా కొట్టాడు. ఐదేళ్ల ఒప్పందం, 2.4 కోట్ల డాలర్లు. ఆడించినవి 13 మ్యాచ్‌లు, గెలిపించినవి 3. సీజన్‌లో ఇంకా మూడు మ్యాచ్‌లు మిగిలే ఉన్నాయి. ఎక్కడికీ పోనని నిన్ననే భరోసా ఇచ్చాడు గదా అని జట్టు యజమాని తలపట్టుకున్నాడు. ఆటగాళ్లకు మాత్రం నాలుగు వాక్యాల కాగితం మిగిలింది, ఎవరి అలమరలో వాళ్లకు.

అయ్యగారు అప్పటికే ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో తేలాడు. ఆ జట్టు గుర్తు అడవిపంది. కొత్తగా చేరినవాడు పందుల్ని పిలిచినట్టు ‘ఊ పిగ్ సూయీ’ అని గొంతెత్తి కేకెయ్యడం అక్కడి మర్యాద. కెమెరాల ముందు ఆ మర్యాద కూడా జరిపించాడు. వాల్‌మార్ట్ కొలువుల కోసం బెంటన్‌విల్ చేరిన మన తెలుగువాళ్లకు ఈ కేక బాగా పరిచయం. పొరుగు ఫ్లాటులోంచి మొదటిసారి విన్నప్పుడు ఎంతమంది తలుపు గడియ పెట్టుకున్నారో తెలియదు.

న్యాయంగా చెప్పాలంటే పెట్రినో కష్టాలు పెట్రినోకు ఉన్నాయి. ఎవరిని నమ్ముకుని ఆ కొలువులో చేరాడో ఆ స్టార్ ఆటగాడు మైకేల్ విక్‌కు కుక్కల పందేల కేసులో 23 నెలల జైలు పడింది, సరిగ్గా ఆ సోమవారమే. బండి కొనుక్కున్న నాడే ఇంజను దొంగలెత్తుకుపోయినట్టు. అయినా ఒప్పందం ఒప్పందమే కదా అనేవాళ్లకు ఒక సంగతి. ఆయనకంటే ముందు, 1976లో, లూ హోల్ట్జ్ అనే పెద్దమనిషి న్యూయార్క్ జెట్స్‌ను ఒక్క మ్యాచ్ మిగిలుండగా వదిలేశాడు. ఆయన లెక్క కూడా మూడు గెలుపులు, పది ఓటములే. ఆయన పోయింది కూడా ఆర్కాన్సాకే. పారిపోయి వచ్చినవాణ్ని పిలిచి పీట వెయ్యడం ఆ కాలేజీ వంశాచారం అనుకోవాలి.

సీజన్ మధ్యలో మాట తప్పి పోయినవాణ్ని కోరుట్ల బస్టాండులో ఏమంటారు? ఎవరినైనా అడగండి, ఒకటే మాట: ‘ఖల్లివెల్లి అయిండు.’ అప్పు చేసి ఏజెంటుకు కట్టి, గల్ఫ్ విమానమెక్కి, అక్కడ చెప్పిన పని ఒకటి, చేయించే పని ఒకటి, జీతం మూడోదైతే, తట్టుకోలేక కంపెనీ దాటి బయటపడ్డవాడు ఖల్లివెల్లి. పాస్‌పోర్టు కఫీల్ అనే యజమాని బీరువాలో ఉంటుంది. అకామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి, చెల్లదు. పరారయ్యాడని కేసు పడుతుంది. పోలీసు కనిపిస్తే సందులో దూరాలి, జ్వరమొస్తే ఆసుపత్రికి పోరాదు. ఎప్పుడో ఒక ప్రభుత్వానికి దయ కలిగి, 2024లో యూఏఈ చేసినట్టు, క్షమాభిక్ష ప్రకటిస్తే లైన్లో నిలబడి వట్టి చేతులతో ఇంటికి రావాలి.

పెట్రినో చేసిన పనీ అదే. తేడా ఏమిటంటే జీతం సరిగ్గా అందుతుండగా పోయాడు. పడాల్సిన పేర్లన్నీ పెట్టి అమెరికా పత్రికలు ఆయన్ను తిట్టిపోశాయి గానీ కేసు మాత్రం పడలేదు. 2012లో ఒక మోటారుసైకిలు ప్రమాదం, దాని వెనక దాచిన వ్యవహారం బయటపడి ఆర్కాన్సా ఆయన్ను గెంటేసింది. ఊరుకున్నారా? మధ్యలో నాలుగు ఊళ్ల నీళ్లు తాగొచ్చాక 2023 చివర్లో సహాయ కోచ్‌గా మళ్లీ పిలిచారు. 2025 సెప్టెంబర్‌లో ఉన్న హెడ్ కోచ్‌ను పంపించి, ఆ కుర్చీలో తాత్కాలికంగా ఈయన్నే కూర్చోబెట్టారు. క్షమాభిక్ష అంటే ఇట్లా ఉండాలి. కోరుట్ల పిల్లగాడికి టికెట్ డబ్బులు కూడా దొరకవు.

ఇంకా పెద్ద ఖల్లివెల్లి నిక్ సేబన్. మయామి డాల్ఫిన్స్ కోచ్‌గా ఉంటూ, అలబామా కోచ్‌గా తాను పోబోవడం లేదని 2006 డిసెంబర్ 21న విలేకరుల ముందు విసుక్కున్నాడు. 2007 జనవరి 3న అలబామాలో చేరాడు. మన దగ్గర పార్టీ మారనని ప్రమాణం చేసిన ఎమ్మెల్యే కూడా రెండు వారాల కంటే కాస్త ఎక్కువే ఆగుతాడు. ఎనిమిదేళ్లకు 3.2 కోట్ల డాలర్లు. అక్కడ ఆరుసార్లు జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిపించాడు కాబట్టి ఆ అబద్ధానికి తర్వాత విగ్రహం కూడా దొరికింది.

కాలేజీకి అంత డబ్బెక్కడిది అని మన లెక్చరర్లు నోరు తెరుస్తారు. అలబామా విశ్వవిద్యాలయం ఉన్న టస్కలూసా జనాభా సుమారు లక్ష, అంటే మన జగిత్యాలంత ఊరు. అక్కడి కాలేజీ స్టేడియంలో పట్టే జనమూ లక్షే. టీవీ హక్కులు, టికెట్లు, పూర్వ విద్యార్థుల చందాలు కలిసి కాలేజీ జట్టే ఒక కంపెనీ. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలో పెద్ద జీతం గవర్నరుది కాదు, యూనివర్సిటీ కోచ్‌ది. చదువు చెప్పే ప్రొఫెసర్ అదే ప్రాంగణంలో ఎక్కడో పార్కింగ్ వెతుక్కుంటుంటాడు. ఇక మైదానంలో ఎముకలు విరగ్గొట్టుకునే పిల్లలకు తమ పేరు మీద, తమ బొమ్మ మీద సంపాదించుకునే హక్కు 2021 దాకా లేదు. చదువే మీ జీతం పో అన్నారు. కోచ్‌ను మాత్రం చదువుతో సరిపెట్టుకొమ్మని ఎవరూ అనలేదు.

సరే, ఇన్ని కాలేజీలు తిరిగిన పెట్రినో కోచ్ గారికి మా వైపు నుంచి కూడా ఒక ఆహ్వానం ఉండాలి కదా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తరఫున రాస్తున్నాను.

కోచ్ గారూ, పోస్టు పేరు ఫిజికల్ డైరెక్టర్. పిల్లలు పీడీ సారు అంటారు, పెద్దలు డ్రిల్లు సారు అంటారు, రెండూ గౌరవవాచకాలే. ఐదేళ్ల ఒప్పందం గురించి అడక్కండి. కాంట్రాక్టు అంటే మా దగ్గర ఏడాదికోసారి, గెస్టు అంటే నెల నెలా. జీతం ఎప్పుడొస్తుందని కూడా అడక్కండి, బడ్జెట్ రిలీజ్ కాగానే వస్తుంది. మధ్యలో వదిలిపోతే ఎవరూ బాధపడరు. మీరు పోయిన సంగతి ఆగస్టు 15 రిహార్సల్ నాడు ఈల ఎవరు ఊదాలన్న ప్రశ్న వస్తే గానీ బయటపడదు.

పని భారం తక్కువే. అడ్మిషన్ల కాలంలో ‘దోస్త్’లో మన కాలేజీ ఆప్షన్ పెట్టమని ఊరూరూ తిరిగి ఇంటర్ పిల్లల్ని బతిమాలాలి. పరీక్షలప్పుడు గేటు దగ్గర జేబులు తడమాలి. ఎన్నికలొస్తే డ్యూటీ, మొక్కలు నాటే రోజు గునపం, మంత్రిగారొస్తే పిల్లలతో రెండు వరుసలు. తనిఖీ బృందం వచ్చే ముందురోజు బంతిలో గాలి కొట్టించాలి. వాళ్లు పోయాక బంతి మళ్లీ బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి, ఎందుకంటే అది స్టాక్ రిజిస్టరులో ఉంది, పోతే మీ జీతంలో కోస్తారు. మిగిలిన సమయమంతా ఫుట్‌బాలే.

మైదానం సువిశాలం. పొద్దున వాకింగ్ వాళ్లది, పగలు కారు నేర్చుకునే వాళ్లది, సాయంత్రం టెన్నిస్ బాల్ క్రికెట్‌ది. దసరాకు రావణుడిది, ఎన్నికలకు పార్టీలది, ముఖ్యమంత్రి వస్తే హెలిప్యాడ్‌ది. ఆ తర్వాత తవ్విన గుంతలు మీవి. డ్రిబ్లింగ్ నేర్పడానికి అంతకంటే మంచి సౌకర్యం అలబామాలో కూడా ఉండదు.

జెర్సీలకు బెంగ వద్దు. ఏటా కోటికి దగ్గర దగ్గర బతుకమ్మ చీరల ఆర్డరు మోసిన సిరిసిల్ల సాంచాలు మీ పదకొండు మందికి నేయలేవా? ముందువైపు ఎమ్మెల్యే గారి ఫోటో, వెనకవైపు జన్మదిన శుభాకాంక్షలు. నంబరుకు చోటు మిగిలితే వేయిద్దాం. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. మీ పంది కేక మీద ఏవైనా అభ్యంతరాలొస్తే అక్కడి నిపుణుల అభిప్రాయం తీసుకుందాం. విదేశీయుణ్ని పిలవడం ఏమిటని జగిత్యాలలో ఎవరూ అనరు. పద్దెనిమిదో శతాబ్దంలో మా ఖిల్లాకు ఫ్రెంచి ఇంజనీర్లే కదా నమూనా ఇచ్చింది.

ఇదంతా చదివి, ఫుట్‌బాల్ మనది కాదు, ఎందుకీ గొడవ అనేవాళ్లుంటారు. చేత్తో పట్టుకుని ఉరికే ఆ అమెరికా ఆట మనది కాదు, నిజమే. కాలితో తన్నే ఆట మాత్రం ఒకప్పుడు మన రాజధానిదే. సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ బడుల్లో పంతులు. పాఠం చెప్పి వచ్చి సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దాడు. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించాలని డ్రిబ్లింగే లేని పోటీలు పెట్టాడు, అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు ఆ పోలీసులదే. భారత జట్టుకు కోచై 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం తెచ్చాడు. మర్నాటి ఏడాది జూన్‌లో క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు ఇంకో స్వర్ణం లేదు.

చూశారా, అమెరికా ప్రొఫెషనల్ కోచ్‌ను కాలేజీకి లాక్కుపోవడానికి కోట్లు పోసింది. మనకేమో బడిలోంచే దేశానికి కోచ్ దొరికాడు, దాదాపు ఊరికే. ఊరికే దొరికిన దానికి మనమిచ్చే విలువ తెలిసిందే. అరవై ఏళ్లు ఆగి, 2024లో బొంబాయి వాళ్లు హిందీలో సినిమా తీస్తే, ఓహో మనవాడా అని పాప్‌కార్న్ కొనుక్కున్నాం.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఇంకా రుచిగా ఉంటుంది. పూణెలో మూతపడ్డ క్లబ్బు స్థానంలో 2019లో గచ్చిబౌలిలో దుకాణం తెరిచారు. స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్కెజ్ 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ కప్పు గెలిపించాడు. ఏడాది తిరిగాక గోవాకు పోయాడు. తర్వాత జీతాల బకాయిలు, ఫిఫా నిషేధాలు, ఆటగాళ్ల వలస. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. చివరికి 2025లో క్లబ్బే మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది. కోచ్ జట్టును వదిలిపోవడం అమెరికాలో జరిగేది. జట్టు ఊరినే వదిలి ఖల్లివెల్లి కావడం మన సొంత ఆవిష్కరణ. నగరంలో ఒక్క ధర్నా లేదు, ఒక్క బస్సు అద్దం పగల్లేదు. ఐపీఎల్ టికెట్ దొరకలేదని జరిగే రభసలో పదోవంతు కూడా లేదు.

ఫుట్‌బాల్‌తో మన మూడు పట్టణాలకున్న అసలు చుట్టరికం వేరే ఉంది. 2022 ప్రపంచకప్ కోసం ఖతర్‌లో మెట్రోలు, రోడ్లు, హోటళ్లు, స్టేడియాలు లేచినప్పుడు షట్టరింగ్ కొట్టి, ఇనుము కట్టి, తాపీ పట్టిన వాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల పల్లెల మనుషులున్నారు. కంపెనీ మారాలంటే పాత యజమాని ఎన్‌ఓసీ కావాలన్న నిబంధన అక్కడ 2020లో గానీ తొలగలేదు. అంటే కప్పు రెండేళ్లలో ఉందనగా. పెట్రినో ఏ ఎన్‌ఓసీ చూపించి ఆర్కాన్సా వెళ్లాడో ఖతర్‌లో సెంట్రింగ్ కట్టలు మోసినవాడు అడిగితే బాగుంటుంది. వాడి కొడుకు ఇక్కడే డిగ్రీ చదువుతుంటాడు. అడ్మిషన్ నాడు వాడి దగ్గర కూడా గేమ్స్ ఫీజు అని తీసుకుంటారు.

ఆ పద్దు కింద ఎంత జమైంది, ఏం కొన్నారు, ఎవరు ఆడారు అని సమాచార హక్కు కింద అడగడానికి కాలేజీకి 10 రూపాయలు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కలిపి 30. తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ అక్కర్లేదు.