బాహుబలి బేరం

ప్రో కబడ్డీలో కండబలమున్న రైడర్ విలువ వేలంపాటలో తేలుతుంది, అతన్ని వదులుకున్న జట్టు తెలివి పాయింట్ల పట్టికలో తేలుతుంది. 2019 ఏప్రిల్‌లో తెలుగు టైటాన్స్ సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ వేలంలో అదే అత్యధిక ధర. పట్టుకున్నవాళ్లను ఈడ్చుకుంటూ గీత దాటేవాడు కాబట్టి అభిమానులు బాహుబలి అన్నారు. ఆ సీజన్లో ఆయన 200 పైచిలుకు రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 12 జట్లలో 11వ స్థానం తెచ్చుకుంది. మరుసటి సీజన్లో ఆయన భుజం దెబ్బతిన్నది; 22 మ్యాచ్‌లకు జట్టు గెలిచింది ఒక్కటి. ఆ తర్వాతి సీజన్లో రెండు. (ప్రగతి లేదనకూడదు, ఏకంగా రెట్టింపు!)

ఇక పునర్నిర్మాణం. 2023లో దేశాయ్‌ని వదిలేసి, రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు తెచ్చారు. గెలుపులు మళ్లీ రెండే, స్థానం మళ్లీ అట్టడుగే. తమ బలాన్ని పరాయివాళ్లకు వదులుకునే ఈ వరస ఒంగోలు వాళ్లకు కొత్త కాదు: అక్కడి గిత్తలు ఓడెక్కి వెళ్లి బ్రెజిల్ మందలను నింపాయి, ఆ జాతికి పేరేమో నెల్లూరుది పడింది.

దేశాయ్‌ని కోటి రూపాయలకు కొన్న హర్యానా స్టీలర్స్ అదే సీజన్లో ఫైనల్ చేరింది. 2024 మార్చి 1న ఆ ఫైనల్ జరిగింది టైటాన్స్ సొంత ఊరు హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలిలో. టైటాన్స్‌కు టికెట్ కొనుక్కుని చూసే వీలు ఉండనే ఉంది.