బిక్కవోలులో పోయిన పరువు

ఊరి పేరు కంటబడితే చాలు, దాన్ని రెండు ముక్కలుగా విరిచి అర్థం చెప్పందే నాకు ఊపిరాడదు. బస్సు బోర్డు కానివ్వండి, మైలురాయి కానివ్వండి, రైల్వే స్టేషన్లో పసుపుపచ్చ పలక కానివ్వండి, శుభలేఖ అడుగున అడ్రసు కానివ్వండి. పక్కన ఎవరున్నా సరే, అడిగినా అడక్కపోయినా సరే. మీరు నన్ను చూసి నవ్వే ముందు గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. చీపురుపల్లి దాటేటప్పుడు చీపుళ్ల మాటెత్తని మనిషి మీకు తెలుసా? నక్కపల్లి రాగానే కిటికీలోంచి తొంగిచూడని పిల్లాడున్నాడా?

మొదట్లో ఈ విద్య బాగానే నడిచింది. మర్రిపాలెం, చింతపల్లి, నేరేడుచర్ల లాంటివి చూడగానే తెలిసిపోతాయి, చెట్టు పేరు పైకే కనబడుతూ ఉంటుంది. కోనసీమలో పేరు చివర లంక ఉంటే గోదావరి పాయల మధ్య తేలిన నేల. ఉత్తరాంధ్రలో వలస అని ఉంటే ఎవరో ఎక్కణ్ణుంచో మూటాముల్లే సర్దుకొచ్చి కట్టుకున్న ఊరు. ఇలా నాలుగు సరిగ్గా తగిలేసరికి, తెలుగుదేశంలో ఉన్న ఊళ్లన్నీ నాకు లొంగిపోతాయని ధీమా పుట్టింది. నా కొంప ముంచింది ఆ ధీమాయే.

ద్రాక్షారామం తీసుకోండి. హైదరాబాదు నుంచి వచ్చిన స్నేహితుల్ని వెంటబెట్టుకుని వెళ్లి, "పూర్వం ఇక్కడంతా ద్రాక్షతోటలే" అని చెప్పేశాను. చుట్టూ కనుచూపు మేర నీళ్లలో వరి నిలబడి ఉంది. ఆ బురద నేలలో ద్రాక్ష ఎలా పండుతుందన్న అనుమానం నాకూ రాలేదు, వాళ్లకూ రాలేదు. లోపల అర్చకులు దక్షుడి యజ్ఞం కథ మొదలుపెట్టి, దక్షారామం జనం నోళ్లలో ద్రాక్షారామమైందని చెబుతుంటే నేను మెల్లగా స్తంభం వెనక్కి జరిగాను.

వికారాబాదు సంగతి ఇంకా ఘోరం. అనంతగిరి కొండలు చూద్దామని రైల్లో వెళ్తూ, "ఇంత పచ్చటి చోటికి వికారం అని పేరెలా పెట్టారండీ!" అని పెట్టె పెట్టెంతా వినబడేలా అన్నాను. ఎదుటి సీట్లో పెద్దాయన చదువుతున్న ఉర్దూ పేపరు మడిచి, "వికార్ అంటే ఇజ్జత్ సాబ్. గౌరవం" అన్నారు. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన పైగా ప్రభువు, 1893 నుంచి 1901 దాకా నిజాం రాజ్యానికి దివానుగా ఉన్న వికారుల్ ఉమ్రా పేరు మీద వెలిసిన ఊరట అది. ఆయన ఎంత మర్యాదగా చెప్పారంటే, రెండు తిట్లు తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

సిగ్గుపడ్డానే గానీ మారలేదు. మనిషి ఒక్క దెబ్బకి మారితే ఇక దెబ్బలతో పనేముంది?

మా అక్క కొడుక్కి సంబంధం చూడ్డానికి బిక్కవోలు వెళ్లాం. పెద్ద మండువా ఇల్లు. కాఫీలొచ్చాయి, పిల్ల ఇంకా రాలేదు, మాటలు అయిపోయాయి, మా బావ ఫ్యానుకేసి చూస్తున్నాడు, వాళ్ల బాబాయి గోడ గడియారంకేసి చూస్తున్నాడు, ఆ నిశ్శబ్దం నాకు పడలేదు, గొంతు సవరించుకున్నాను, మా అక్క కళ్లతోనే వద్దంది, నేను చూడలేదు, "బిక్కవోలంటే మరేం లేదండీ, బిక్కుబిక్కుమంటూ బతికిన జనం ఊరు, ఒకప్పుడు దొంగల భయం ఉండుంటుంది" అన్నాను, ఎవరూ పలకలేదు, అక్కడితో ఆగితే బావుండేది, ఆగలేదు, "కాకపోతే బిచ్చమెత్తుకునేవాళ్ల ఊరైనా అయ్యుంటుంది" అని కూడా అనేశాను.

మా బావ చేతిలో కప్పు సాసర్ల చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. చుట్టూ కూర్చున్నది ఆ ఊళ్లో తరతరాలుగా వ్యవసాయం చేసుకుంటున్న కుటుంబం. వాళ్లింట్లో కూర్చుని, వాళ్ల కాఫీ తాగుతూ, పిల్లనడగడానికి వెళ్లినవాణ్ణి అన్న మాటలవి.

పిల్ల తాతగారు రిటైరైన తెలుగు మేష్టారు. కోప్పడలేదు. "కాఫీ తాగేసి ఓసారి అలా రండి బాబూ, మా ఊరు చూద్దురుగానీ" అన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన వెనకాల చేలగట్టు మీద నడిచాను. పచ్చటి వరి మధ్యలో నల్లబడిన రాతిగుడి ఒకటి నిలబడి ఉంది. గోడ మీద చెక్కిన తోరణం మీద ఆయన అరచెయ్యి ఆనించి, మనవరాలి తల నిమిరినట్టు నిమిరి అప్పుడు చెప్పారు. "తూర్పు చాళుక్యుల్లో గుణగ విజయాదిత్యుడని రాజున్నాడండి. 9వ శతాబ్దం వాడు. ఆయనకి బిరుదాంకుడని బిరుదు. ఆయన పేరు మీదే బిరుదాంకప్రోలు. ప్రోలంటే పట్టణమేనండి. వెయ్యేళ్లపైన జనం నోళ్లలో పడి అరిగి అరిగి బిక్కవోలైంది."

అంతే, ఇంకో మాట అనలేదు. ఊళ్లోకి తిరిగొచ్చి గోలింగేశ్వరుడి గుడి చూపించి, వినాయకుడి దగ్గరికి తీసుకెళ్లారు. ఆ స్వామి చెవిలో కోరిక చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ. నా నోటి మూలంగా ఈ సంబంధం చెడిపోకూడదు స్వామీ అని చెప్పుకున్నాను. చెడలేదు. ఆ పిల్ల ఇప్పుడు మా ఇంటి కోడలు.

పరువు పోతే పోయింది గానీ, ఆ రోజు నుంచి వోలు అని చివరొస్తే నా చెవికి ప్రోలు అని వినబడడం మొదలైంది. నిడదవోలు ఒకప్పటి నిరవద్యప్రోలు. జగ్గయ్యపేట మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను, పేటంటే అంగళ్లున్న ఊరులే అని తేల్చేసి. దాని పాతపేరు బేతవోలు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు దానికి పెట్టుకున్నాడు. తల్లి అచ్చమ్మ పేరున అచ్చంపేట. అమ్మకో ఊరు, నాన్నకో ఊరు! నేను పట్టించుకోని ఆ సగంలోనే ఒక కొడుకు ప్రేమ ఉంది. బొబ్బిలి వెళ్లినప్పుడు మాత్రం నోటి దాకా వచ్చిన బొబ్బల మాట మింగేసి, వీణల దుకాణంలో కూర్చుని అడిగాను. ఆ సంస్థానం స్థాపించిన పెద్దరాయుడు తనకు మేలు చేసిన ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ మీద కృతజ్ఞతతో పెట్టిన పేరట. షేర్ అంటే పులి కదా, పెద్దపులి పెబ్బులై, పెబ్బులి బొబ్బిలైంది. 1757 యుద్ధం గురించి మనం గొప్పగా చెప్పుకునే బొబ్బిలి పులి ఒక ముస్లిం ఫౌజుదారు పేరులోంచి పుట్టిందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఇక్కడితో బాగుపడ్డానని మీరనుకుంటారు. లేదు, జబ్బు రెండో వైపుకి తిరిగింది. ప్రతి కథకీ శాసనం ఉందా అని అడగడం మొదలుపెట్టాను. కర్నూలు అసలు పేరు కందనవోలు. అలంపురం గుళ్లకి రాళ్లు తోలే బండివాళ్లు తుంగభద్ర దాటబోయే ముందు అక్కడ ఆగి చక్రాలకి కందెన రాసుకునేవారని, అందుకే ఆ పేరని చెబుతారు. ఆధారమేదీ అంటూ ఒక పెద్దమనిషితో వాదించి ఆయన మనసు కష్టపెట్టాను. రాజుకైతే రాయి మీద పేరు చెక్కేవాళ్లుంటారు, బండి తోలేవాడికి ఎవరు చెక్కుతారు? అతనికి ఆ కందెన ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా లాక్కోబోయాను నేను.

ఆ రెండో జబ్బు ఒంటిమిట్టలో కుదిరింది. రామాలయం ముందు పూలమ్మే అవ్వ, ఒంటుడూ మిట్టుడూ అనే ఇద్దరు దొంగలు మారి రాముడి సేవ చేసుకున్నారని, వాళ్ల పేరే ఊరికొచ్చిందని చెబుతూ ఉంది. నేనూరుకుంటానా? "అదేం లేదవ్వా. ఒంటి మిట్ట అంటే ఒంటిగా ఉన్న మెరక, అంతే" అన్నాను.

అవ్వ మూర వేస్తున్న చెయ్యి ఆపింది. "అట్లనా నాయినా? మరి ఒంటుడూ మిట్టుడూ కాకపోతే ఈ గుడి మొదులుబెట్టింది ఎవురు? నువ్వు జూసినావా?"

నేను చూళ్లేదు. ఇంకో మూర మల్లెలు తీసుకుని, కథ మొదట్నుంచీ చెప్పమన్నాను. పక్కన టెంకాయలమ్మే ఆమె కూడా పీట లాక్కుని దగ్గరికి జరిగి, "నీకు మద్దెన తెలీదు, నేను జెప్తా ఉండు" అని అవ్వతో తగువు పెట్టుకుంది. మా బస్సు అప్పటికే హారన్ కొడుతూ ఉంది.