పావురంజీ

ఒడిశాలోని ఝార్సుగూడ సభ టీవీలో చూస్తున్నంతసేపూ నాకు గండికోట పావురాలే గుర్తొచ్చాయి. 2025 సెప్టెంబరు 27న ప్రధాని అక్కడ మీట నొక్కితే దేశమంతా 97,500 మొబైల్ టవర్లు ఒక్కసారిగా జాతికి అంకితమైపోయాయి. దాదాపు 37 వేల కోట్ల ఖర్చు. పరికరాలు మనవే, సాఫ్ట్‌వేర్ మనదే. సొంతంగా టెలికాం సరంజామా చేసుకునే అయిదు దేశాల్లో మనమూ చేరాం. నేనూ చప్పట్లు కొట్టాను, కాదనను. కొట్టాక గుర్తొచ్చింది, ఇది 4జీ అని. ఆ తర్వాత నాలుగు రోజులకే, అక్టోబరు 1న, ఇదే దేశంలో 5జీకి మూడేళ్లు నిండాయి. తమ్ముడికి మూడో పుట్టినరోజు ముంగిట అన్నకి బారసాల చేసిన ఇల్లు మనది. పుట్టని చెల్లెలు 6జీకి 2030లో ముహూర్తమని 2023లోనే లగ్నపత్రిక కూడా రాసేశారు.

ఝార్సుగూడకి పక్కనే సంబల్‌పూర్. 1948 ఏప్రిల్‌లో నెహ్రూ అక్కడికి వెళ్లినప్పుడు కటక్‌కి కబురు పంపాల్సొస్తే పావురం చేత పంపాడు. ఒడిశా పోలీసులకి 1946 నుంచీ పావురాల దళం ఉండేది. అంటే ఓ ప్రధాని పావురాన్ని ఎగరేసిన చోటికి దగ్గర్లోనే 77 ఏళ్ల తర్వాత ఇంకో ప్రధాని 4జీని ఎగరేశారు. ఇది కాకతాళీయమని మీరనుకుంటే మీ ఇష్టం. నాకు మాత్రం దైవసంకల్పంలా కనబడింది. అందుకే ఢిల్లీకి ఓ విన్నపం రాసుకున్నాను. దేశానికి తరువాతి నెట్‌వర్క్ టెక్నాలజీగా పావురాన్ని ఎంపిక చేయండి, ప్రధాన కార్యాలయం గండికోటలో పెట్టండి అని.

పేరు కూడా సిద్ధం చేశాను. పావురంజీ. ఇన్నాళ్లూ మీరు లెక్కపెడుతున్న 'జీ' అంటే తరం. మా 'జీ' అంటే ఢిల్లీలో అనే 'గారు'. అక్కడి వాళ్లకి రెండోదే త్వరగా తలకెక్కుతుంది.

గండికోట ఎందుకంటే, టవర్ ఇప్పటికే ఉంది. కోటలో జామా మసీదు దగ్గర పావురాల గోపురం ఉంది, ఒళ్లంతా కన్నాలతో. పెన్న లోయ చూడ్డానికొచ్చే జనం దాని ముందు సెల్ఫీ తీసుకుని, ఆ సెల్ఫీ ఎవరికైనా పంపుదామని ఫోన్‌ని ఆకాశానికి ఎత్తి అటూ ఇటూ తిప్పుతుంటారు. వాళ్ల తలల మీదుగా పావురాలు రయ్యిన పోతుంటాయి. నెట్‌వర్క్ ఎవరికి ఉందో, ఎవరికి లేదో అక్కడ నిలబడితే తెలుస్తుంది. 37 వేల కోట్లని 97,500తో భాగిస్తే టవరుకి 38 లక్షల దాకా పడింది. మా టవర్‌కి కొత్తగా సున్నం కూడా కొట్టనక్కర్లేదు. 4జీ టవర్లకి సాఫ్ట్‌వేర్ మారిస్తే 5జీ అవుతుందట. మాదీ అంతే, జొన్నలు మాని సజ్జలు వేస్తే చాలు.

రీఛార్జి గుప్పెడు గింజలు. వ్యాలిడిటీ నెలంటే నెలే. నెలకి 28 రోజులు కట్టి ఏడాదికి 13 నెలలు చేసే గణితం పావురానికి రాదు, నేర్పినా నేర్చుకోదు.

వేగం సంగతి అడుగుతారని తెలుసు. 2009లో దక్షిణాఫ్రికాలో ఓ కంపెనీ వాళ్లు, నెట్ నత్తనడకకి విసిగిపోయి, విన్‌స్టన్ అనే పావురం కాలికి 4 జీబీ మెమరీ కార్డు కట్టి వదిలారు. అటు బ్రాడ్‌బ్యాండ్‌లో అదే డేటా పంపడం మొదలెట్టారు. పావురం వాలింది, కార్డు దింపుకున్నారు, మొత్తం రెండు గంటల పైచిలుకు. అప్పటికి లైను మీద నూటికి నాలుగు వంతులే చేరింది. అంతర్జాతీయ స్థాయిలో పరీక్షకి నిలిచిన టెక్నాలజీ అంటే ఇదీ.

భద్రత? చైనా భయం మనకి ఊరికే లేదు. 2020లో బీఎస్ఎన్ఎల్ 4జీ టెండరు పిలిచి, గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా సరుకు వద్దని దాన్ని రద్దు చేసుకుంది. ఆ రద్దు నుంచి ఝార్సుగూడ మీటకి అయిదేళ్లు. ఈ లెక్కన పావురాన్ని కూడా తనిఖీ చేయాల్సిందే. చేశారు కూడా. 2023 మేలో ముంబైలో ఓ పావురం కాళ్లకి చైనా రాతల్లాంటివేవో ఉన్న కడియాలు కనబడితే గూఢచారి అని అదుపులోకి తీసుకున్నారు. ఎనిమిది నెలలు పశువుల ఆస్పత్రిలో పెట్టి, చివరికి అది తైవాన్ పందెం పావురమని తేలాక 2024 జనవరిలో వదిలారు. టెండర్ అయిదేళ్లు, పావురం ఎనిమిది నెలలు. త్వరగా క్లియరెన్స్ వచ్చిన పరికరం ఏదో మీరే చెప్పండి.

గద్దల సంగతి విన్నపంలో విడిగా రాశాను. వాటిని సిగ్నల్‌కి అంతరాయం అనాలో, పోటీ ఆపరేటర్ అనాలో కమిటీ తేల్చాలి. మొదటి ఏడాది ఏమీ అనకుండా పైన తిరుగుతాయి. పిట్టలన్నీ అయిపోయాక రేటు చెబుతాయి.

దేశానికి టెక్నాలజీ ఎంచిపెట్టేవాళ్లని చూస్తే నాకు గండికోట ఫిరంగులు కూడా గుర్తొస్తాయి. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటని పట్టాక గుళ్లలోని విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయమని ఓ ఫ్రెంచి పనివాణ్ని పెట్టుకున్నాడు. 1652లో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఆ ముచ్చట రాసిపెట్టాడు. గండికోట విగ్రహాలు కొన్ని ఎంత చేసినా కరగలేదట. చివరికి సరైన ఫిరంగి ఒక్కటీ రాలేదట. దేవుళ్లూ పోయారు, ఫిరంగులూ రాలేదు. ఖర్చు మాత్రం రాసే ఉంటారు.

మా కాలంలోనూ అంతే. 1995 జులై 31న బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలో టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి మొదటి మొబైల్ కాల్ చేసినప్పుడు దేశం జీఎస్ఎం అంది. నిమిషానికి 16 రూపాయల దాకా, వచ్చిన కాల్‌కీ బిల్లే. ఏడెనిమిదేళ్లు తిరక్కుండా కాదు కాదు సీడీఎంఏ అంది. 2003లో 501 రూపాయలకే చేతికి ఫోన్ వచ్చింది. అందులో సిమ్ ఉండదు, కంపెనీ మారాలంటే ఫోనే మార్చుకోవాలి. మా ఇంట్లో మాత్రం తీగ లేని డబ్ల్యూఎల్ఎల్ ఫోన్ డబ్బా ఉండేది. మిద్దె మీద వెదురు గడకి యాంటెనా. మా పెదనాయన కింద "హలో హలో" అని అరుస్తుంటే నేను మిద్దె మీద గడని పట్టుకుని మెల్లిగా తిప్పాలి. "రొంత ఎడమకు అబ్బీ... ఆ, ఆడనే పట్టు, కదల్చాకు." అవతలి వాళ్లు చెప్పేది చావు కబురైనా పెళ్లి కబురైనా నేను మాత్రం గడ. ఆ డబ్బా ఇప్పటికీ అటక మీద ఉంది, దాని టెక్నాలజీ లేదు. తర్వాత పల్లెలకి వైమాక్స్ అన్నారు. 8 వేల కోట్ల పైన కట్టి తీసుకున్న స్పెక్ట్రమ్‌ని బీఎస్ఎన్ఎల్ కొన్ని చోట్ల వెనక్కిచ్చేసింది. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

మధ్యలో ఒక్కసారి మాత్రం, నా మటుకు, పల్లెని మనసులో పెట్టుకుని ఆలోచించిన వాళ్లు కనబడ్డారు. కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ, మద్రాసు వాళ్లూ కలిసి 5జీఐ అని మన సొంత ప్రమాణం తెచ్చారు. ఒక్క టవర్‌తో ఎక్కువ దూరం అందాలి, ఊరికీ ఊరికీ మధ్య ఎడం ఎక్కువున్న చోట కూడా పనిచేయాలి, అదీ దాని గుట్టు. 2020లో అంతర్జాతీయ సంస్థ ఐటీయూ ఒప్పుకుంది కూడా. మన కంపెనీలు మాత్రం లోకమంతా ఒక దారి, మనమొక దారి అయితే ఫోన్ల ధరలు పెరుగుతాయన్నాయి. అబద్ధమేం కాదు. చివరికి దాన్ని ప్రపంచ ప్రమాణంలోనే కలిపేశారు. పెన్నలో చిత్రావతి కలిసినట్టు. కలిశాక ఏ నీళ్లు ఎవరివో ఎవరు చెప్పగలరు?

పావురంజీకి ఒక్క లోపం ఉంది, దాచను. పావురం ఇంటికి మాత్రమే ఎగురుతుంది. గండికోటలో పెరిగిన పావురాన్ని బుట్టలో పెట్టి ఢిల్లీకి తీసుకెళ్లి వదిలితే చీటీతో గండికోటకి వచ్చి వాలుతుంది. ఇక్కణ్నించి ఢిల్లీకి చీటీ పోవాలంటే ఢిల్లీలో పెరిగిన పావురం కావాలి. మన దగ్గర గోపురం ఉంది కాబట్టి పైనుంచి వచ్చే ఆదేశాలకి లోటు లేదు, ఎన్నంటే అన్ని వాలతాయి. మన మాట మోసుకెళ్లే పావురాల్ని ఢిల్లీ పెంచాలి. అక్కడెవరూ పెంచడం లేదు.

విన్నపం ఎవరికి రాయాలో వెతికితే ఇంకో దైవసంకల్పం ఎదురైంది. ఈ కోటని ఏలింది పెమ్మసాని నాయకులు. ఇవాళ కేంద్రంలో కమ్యూనికేషన్ల సహాయమంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ గారు. చుట్టరికం ఉందో లేదో నేనడగలేదు, ఇంటిపేరు చాలు. చిత్రమేమంటే గ్రామీణాభివృద్ధికి కూడా సహాయమంత్రి ఆయనే. సిగ్నల్ ఇవ్వాల్సిన శాఖా, ఉపాధి హామీ కూలి ఇవ్వాల్సిన శాఖా ఒకే గుమ్మంలో ఉన్నాయి.

ఆ రెండు శాఖలకీ పావురాల అవసరం లేదు, నాకూ లేదు. 2025 ఎండాకాలంలో లోయకి ఇవతల గుట్టల్లో కుంట తవ్వకం దగ్గర చూసింది మాత్రం చెప్పాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనికి హాజరంటే ఫోన్ యాప్‌లో ఫొటోనే. రోజుకి రెండుసార్లు. సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో దాచి, దొరికిన చోట ఎక్కించొచ్చని నిబంధనలో ఉందట. పని చూసే మేట్ ఆడమనిషి. మిగతా వాళ్లు గంపలు దించేశాక ఆమె ఫోన్ పట్టుకుని బండలెక్కి దిగుతోంది. యాప్‌లో గుండ్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. కింద పద్నాలుగు మంది, తలగుడ్డలు చెమటకి తడిసి, రెండో ఫొటో కోసం ఎండలో వరసగా నిలబడి ఉన్నారు. పని అయిపోయింది, కానీ ఫొటో ఎక్కేదాకా ఇంటికి పోవడానికి లేదు. "నిన్న ఎక్కల్యా సారూ," అంది ఒకామె. "మేం తవ్వింది మన్ను చూసింది, ఫోను చూల్యా. ఫోను చూడకుంటే నిన్న మేం రాలేదంట."

అప్పుడు రోజు కూలి 307 రూపాయలు. మూడు వందల ఏడు. ఫొటోకి ఫొటో తీసి దొంగ హాజరు వేస్తున్నారని 2025 జులైలో గ్రామీణాభివృద్ధి శాఖే ఒప్పుకుంది. అంటే దొంగలకి సిగ్నల్ బాగానే అందుతోంది. రాయి పగలగొట్టిన వాళ్లకే అందలేదు. టవర్ నిలబెట్టలేని చోట యాప్ తప్పనిసరి అని ఎవరన్నారు? ఏ గదిలో కూర్చుని అన్నారు, ఆ గదిలో సిగ్నల్ ఎన్ని గీతలుంది? స్వదేశీ 4జీ చేసుకోండి, సొంత 6జీ కూడా చేసుకోండి, మాకూ గర్వమే. కానీ అది వచ్చేదాకా ఆ ఆడకూతురి హాజరు కాగితం మీద రాయడానికి ఒక పెన్ను, ఒక పుస్తకం చాలదా? అదీ స్వదేశీయే కదా!

ఆమె తవ్విన గుంత అక్కడే ఉంది. దానికి సిగ్నల్ అక్కర్లేదు, అప్‌లోడ్ కానక్కర్లేదు. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు, ఎవరైనా టేపు తెచ్చుకుని కొలుచుకోవచ్చు.