కత్తి లేదు, కోత లేదు, సిట్టింగులున్నాయి

కొంపల్లి, కండ్లకోయ మీదుగా మేడ్చల్ వెళ్లే దారిలోనూ, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట వెళ్లే రాజీవ్ రహదారి పక్కనా ఒకప్పుడు ద్రాక్ష పండేది. ఇప్పుడు ప్లాట్లు, ఫ్లెక్సీలు పండుతున్నాయి. ప్లాట్లు అమ్మేవాడు నిలదీస్తే ఏదో ఒక అనుమతి నంబరైనా చూపిస్తాడు. ఫ్లెక్సీ కట్టేవాడికి ఆ బాధ లేదు. ‘ఆపరేషన్ లేకుండా తుంటి నొప్పి మాయం, పెరిగిన ఎముక కరిగించబడును’ అని అచ్చేయించి కరెంటు స్తంభానికి కట్టేస్తే చాలు. పక్కన నడుం పట్టుకుని నవ్వుతున్న దొరసాని ఫొటో. నొప్పి ఉండగా నవ్వుతోందా, పోయాక నడుం పట్టుకుందా తేలదు. పైగా ఆమె పట్టుకున్నది నడుము, అమ్ముతున్నది తుంటి వైద్యం.

ఆ కరగాల్సిన ఎముక ఏమిటో చూద్దాం. తొడ ఎముక పైకొన బంతిలా గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. కొందరికి ఆ బంతి కింద మెడ దగ్గర బొడిపె ఉంటుంది. కొందరికి గిన్నె అంచు కాస్త ముందుకొచ్చి ఉంటుంది. రెండూ ఉన్నవాళ్లూ ఉన్నారు. మోకాలిని ఛాతీ వైపు మడిచి లోపలికి తిప్పితే అవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, గజ్జలో చురుక్కుమంటుంది. హిప్ ఇంపింజ్‌మెంట్ అంటే ఇదే. కీలు అరుగుదలకు ఇదొక కారణమని స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ బృందం 2003లో వివరించింది. బొడిపె చాలామందికి ఎదిగే వయసులో, గట్టిగా ఆటలాడే రోజుల్లో ఏర్పడుతుంది. పదిహేనేళ్లప్పుడు గట్టిపడిన ఎముకను నలభయ్యో ఏట నూనె మర్దనతో కరిగిస్తారట. ఆ నూనెకు అంత శక్తే ఉంటే, రోజంతా మర్దన చేసే చేతుల ఎముకలు ముందు కరగాలి.

అసలు దాన్ని కరిగించాలా అన్నది ఫ్లెక్సీ అడగని ప్రశ్న. ఏ నొప్పీ లేని తుంటుల్లోనూ ఇలాంటివి బోలెడు. 2012లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో తుంటి నొప్పి లేని 45 మందికి ఎంఆర్‌ఐ తీస్తే, 69 శాతం మందికి గిన్నె అంచున ఉండే లాబ్రమ్ చిరిగి కనిపించింది. వాళ్లు మాత్రం హాయిగా తిరుగుతున్నారు. అందుకే 2016లో ఇంగ్లండ్‌లోని వార్విక్‌లో కూడిన నిపుణులు, జబ్బు ఉందనాలంటే మూడు కలవాలన్నారు: మనిషి చెప్పే బాధ, చేత్తో పరీక్షిస్తే దొరికే లక్షణం, ఎక్స్‌రేలో కనిపించే ఆకారం. మన రోడ్డుపక్క శాస్త్రానికి అంత ఓపిక లేదు. ఫిల్మును ట్యూబులైటుకు ఎత్తిపట్టి ‘గుజ్జు మొత్తం అరిగిపోయింది సార్’ అంటే సరి. ఆ మాట వినగానే మనిషి సగం కుంటడం మొదలుపెడతాడు. మిగతా సగం ప్యాకేజీ ధర విన్నాక.

ఇదంతా జరుగుతున్నది ఎక్కడనుకున్నారు? శామీర్‌పేట చెరువు దాటి కాస్త ముందుకెళ్తే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. అక్కడి భారత్ బయోటెక్ కొవాగ్జిన్ మూడో దశ ప్రయోగానికి 25,800 మందిని తీసుకుంది. కొందరికి టీకా, కొందరికి ఉత్తుత్తి సూది, ఎవరికేది పడిందో పొడిచినవాళ్లకూ తెలియదు. ఆ ఫలితాలు రాకముందే 2021 జనవరిలో అనుమతి ఎలా ఇచ్చారని దేశమంతా నిలదీసింది. నిలదీయాల్సిందే. ఆ నిలదీసినవాళ్లమే అదే రోడ్డు మీద ఇంటికెళ్తూ, ‘మా బావమరిదికి తగ్గింది’ అన్న ఒక్క సాక్ష్యంతో కీలులోకి ఓజోన్ ఎక్కించుకుంటాం. అద్భుతాల పేరుతో మందులకు ప్రచారం చేయకుండా అదుపు చేసే చట్టం 1954 నుంచీ ఉంది. పెద్ద వయసు కదా, ఎవరూ నిద్ర లేపరు.

నాకు కోపం ఎందుకంటే, ఆపరేషన్ లేకుండా బాగుపడటం చాలామందికి నిజంగానే కుదురుతుంది. కానీ అందులో అమ్ముకోవడానికి ఏమీ లేదు. తుంటిని రెచ్చగొట్టే పనులు కొన్నాళ్లు తగ్గించుకోవాలి. అంటే జిమ్ములో పక్కవాడితో పంతానికి నేలకానే స్క్వాట్లు, లోపలికి కూరుకుపోయే సోఫాలు, సకిలం ముకిలం పెట్టుకుని గంటల తరబడి ముచ్చట్లు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం, పక్కకు తిరిగి పైకాలు లేపడం, ఒంటికాలి మీద నిలబడటం, ఇలా పిర్ర కండరాలకూ పొట్ట కండరాలకూ పని చెప్పాలి. నొప్పి ఓర్చుకోగలిగినంతలో ఉండేట్టు చూసుకుంటూ మెల్లగా పెంచాలి. పన్నెండు వారాలు, తక్కువ కాదు. బొడిపె ఎక్కడికీ పోదు. మారేది దాని చుట్టూ ఉన్న బలం, మనం కదిలే తీరు.

దీన్ని ఫ్లెక్సీ మీద రాయించండి చూద్దాం. ‘మా దగ్గర ఎముక కరగదు. మూడు నెలలు మీరే చెమటోడ్చాలి. మొదటి నెల తేడా తెలియకపోవచ్చు. మూడో వారానికే మానేస్తారని మాకు తెలుసు.’ ఎవడొస్తాడు? మనకు వైద్యమంటే మనం మంచం మీద పడుకోవాలి, ఇంకెవరో కష్టపడాలి. “మామా, ఎక్సర్‌సైజులు చేస్తున్నవా?” అని అడిగి చూడండి. “కరెంటు పెట్టించుకుంటున్న గద బిడ్డా, మళ్ల అవెందుకు?” అంటాడు. వ్యాయామాల కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది.

కత్తిని బూచిగా చూపడమూ ఈ వ్యాపారంలో భాగమే. బ్రిటన్‌లో 23 ఆసుపత్రుల్లో హిప్ ఇంపింజ్‌మెంట్ ఉన్న 348 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కీహోల్ ఆపరేషన్, మరో జట్టుకు ఫిజియోథెరపీ ఇచ్చారు. ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. ఏడాది తర్వాత 100 పాయింట్ల కొలతలో ఆపరేషన్ జట్టు సగటు 58.8, వ్యాయామాల జట్టుది 49.7. మొదట్లోని తేడాలను సర్దాక మిగిలిన ఆధిక్యం 6.8. కత్తిదే కాస్త పైచేయి, కాదనలేం. అలాగని అది మహిమా కాదు. శ్రద్ధగా కొన్ని నెలలు వ్యాయామం చేసినా తగ్గనివాడు సర్జన్ దగ్గరికి వెళ్తే తప్పేమీ లేదు. అన్నట్టు, ఆ వ్యాయామాల జట్టు ఫిజియోథెరపిస్టును కలవాల్సింది ఆరు నుంచి పది సార్లే. మిగతాదంతా ఇంట్లోనే. ఈ లెక్క వింటే మన సిట్టింగుల దుకాణానికి గుండెపోటు వస్తుంది.

నవ్వు ఆగే చోటొకటుంది. ఫ్లెక్సీకి గజ్జలో వచ్చే నొప్పులన్నీ ఒకటే. కానీ బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడే ఏవీఎన్ అనే జబ్బూ అక్కడే నొప్పెడుతుంది. అతిగా తాగేవాళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకు వస్తుంది. కొవిడ్‌లో వాటిని వాడిన కొందరిలో తర్వాత ఇదే బయటపడింది. మొదట్లో ఎక్స్‌రేకు చిక్కదు, ఎంఆర్‌ఐ కావాలి. తొందరగా పట్టుకుంటే సొంత కీలును కాపాడుకునే వీలుంటుంది. అలాగే జ్వరంతో వచ్చే తుంటి నొప్పి, పడ్డాక కాలు మోపలేని నొప్పి ఒక్క రోజు కూడా ఆగదగ్గవి కావు. మన దగ్గర మాత్రం బొడిపె ఉన్నవాడికీ బంతి చచ్చుబడుతున్నవాడికీ అదే నూనె, అదే మంచం, అదే ప్యాకేజీ. పది సిట్టింగులకు ముందే కడితే పదకొండోది ఉచితమట. ఆలోగా బంతి కుంగిపోతే, ఆ ఉచితాన్ని బావమరిది పేరు మీదికి మార్చుకోవచ్చు.