అద్దాల పెట్టెలో మునివాటిక

మన పురాణాల్లో ఋషి ఆశ్రమం వర్ణన వచ్చిందంటే ఒక దృశ్యం ఖాయం. పులీ లేడీ ఒకే రేవులో నీళ్లు తాగుతుంటాయి. పాము పడగ నీడన కప్ప సేదదీరుతుంటుంది. పక్కనే ముంగిస కునుకు తీస్తుంటుంది. పుట్టువైరాలు మాయమవడానికి కారణం ముని తపోబలమని కవులు చెప్పేవారు. ఇప్పుడంత శ్రమ అక్కర్లేదు. రెండడుగుల అద్దాల పెట్టె, నాలుగు నాచు ముద్దలు, ఒక ఎల్ఈడీ దీపం, హోమధూమంలా పొగమంచు చిమ్మే చిన్న యంత్రం ఉంటే చాలు. క్రెడిట్ కార్డున్న ప్రతివాడూ కణ్వమహర్షే.

ఈ ఆశ్రమాన్ని వివేరియం అంటున్నారు. అమెరికా, బ్రిటన్, జర్మనీ ఇళ్లలో ఇది పాత వేడుకే. దీనికి దారి వేసినవాడు నథానియెల్ బాగ్‌షా వార్డ్ అనే లండన్ డాక్టరు. 1829లో ఆయన ఒక పురుగు గూడును తడిమట్టితో సహా సీసాలో పెట్టి, చిమ్మట ఎప్పుడు బయటికొస్తుందా అని ఎదురుచూశాడు. ఈలోగా ఆ మట్టిలోంచి ఓ ఫెర్నూ, గడ్డిపోచా మొలిచాయి. అక్కణ్ణుంచే ఇంటింటా అద్దాల పెట్టెల్లో మొక్కలు పెంచే పిచ్చి మొదలైంది. ఫెర్నుకు పక్కనున్న గడ్డిని మింగే నోరు లేదు గనక ఆ సీసాలో శాంతి నిలిచింది. ఆయన వారసులు ఆ శాంతిని నోరున్న జీవాలకూ వర్తింపజేయబోయారు.

నేటి ఆశ్రమంలో ముఖ్య అతిథి న్యూట్. చూడ్డానికి బల్లి, గోత్రం మాత్రం కప్పది. సగం బతుకు నీళ్లలో, సగం గట్టు మీద. మన దేశంలో దాని బంధువును చూడాలంటే డార్జిలింగ్ కొండలెక్కాలి. అమెరికాలోనైతే ఎవరింటి హాల్లోకో వెళ్తే చాలు. న్యూజెర్సీలో మనవాడొకడు తన హాల్లోని పెట్టెను గర్వంగా చూపించాడు.

"ఇందులో ఏమేమున్నాయి బాబూ?"

"రెండు ఫైర్ బెల్లీ న్యూట్లు, ఒక ఫైర్ బెల్లీ కప్ప, ఒక ఆకుపచ్చ ఎనోల్ బల్లి, ఒక ఫిడ్లర్ పీత, ఒక బెట్టా చేప అంకుల్. అన్నీ ఫ్రెండ్సే."

"వాటినడిగావా?"

"నాలుగు నెలలైంది. ఒక్కటీ కంప్లయింట్ చేయలేదు."

మూగజీవాల నుంచి ఫిర్యాదులు రాకపోవడాన్ని పాలనా దక్షతకు రుజువుగా చూపడం మన ప్రభుత్వాలకు కూడా తట్టలేదు. పైగా సరిగ్గా చూసుకుంటే ఇరవయ్యేళ్లు బతకగల ప్రాణి న్యూట్. రోజుల తరబడి తిండి లేకపోయినా చప్పుడు చెయ్యకుండా చిక్కిపోతుంది. దానికి నాలుగు నెలలంటే చావడానికి కూడా చాలని వ్యవధి.

సరే, అతిథి మర్యాదలు చూద్దాం. ఫైర్ బెల్లీ న్యూట్‌కు చల్లటి నీళ్లు కావాలి, 16 నుంచి 20 డిగ్రీల మధ్య. బెట్టాకు 25 దాటితేగాని ఒళ్లు కదలదు. ఎనోల్‌కు ఎండ కాచుకోవడానికి 30 డిగ్రీల కొమ్మ కావాలి, తాగడానికి ఆకుల మీద నీటిబొట్లు కావాలి. పీత సముద్రపు ఒడ్డున బురదలో పుట్టిన జీవి, దానికి ఉప్పు కలిసిన నీళ్లు లేకపోతే ప్రాణం నిలవదు. మనవాడు అఖిలపక్ష సమావేశం పెట్టినవాడిలా అందరినీ మెప్పించే మధ్యేమార్గం కనిపెట్టాడు: మంచినీళ్లు, 24 డిగ్రీలు. న్యూట్ ఉడుకుతుంది, బెట్టా వణుకుతుంది, బల్లి ముడుచుకుంటుంది, పీత రోజులు లెక్కపెడుతుంది. ఒక్కరికీ సుఖం లేదు గనక పక్షపాతమన్న మాట రాదు.

ఇక పంక్తి భోజనం. గడ్డకట్టించిన ఎర్రపురుగుల బిళ్లను పట్టకారుతో నీళ్లలో ముంచాడు. పురుగులు విడిపోయి కిందికి దిగుతున్నాయి. న్యూట్ తొందరపడే రకం కాదు. వాసన పట్టి, తల ఓ పక్కకు వంచి, ఆలోచిస్తూ నిలబడింది. ఈలోగా బెట్టా మూడు చుట్లు కొట్టి సగం మింగేసింది. కప్ప దబ్బున దూకి మిగిలిన దాంట్లో పెద్దవాటా నోట కరుచుకుంది. అప్పటికి న్యూట్ ఒక నిశ్చయానికి వచ్చి, ఎదురుగా కదిలినదాన్ని ఒక్క ఉదుటున పట్టుకుంది. అది పురుగు కాదు, రెండో న్యూట్ కాలు. రెండూ కాసేపు గింజుకుని విడిపోయాయి. మనవాడు మురిసిపోయాడు: "చూశారా అంకుల్, ఆడుకుంటున్నాయి!"

ఇక్కడే న్యూట్ తన యజమానికి తెలియక చేసే ఉపకారం ఒకటుంది. తెగిన కాలు, తోక దానికి మళ్లీ మొలుస్తాయి. 1768లోనే ఇటలీ శాస్త్రవేత్త స్పల్లాంజాని ఈ వింత గురించి రాశాడు. నేరం జరిగినా కొన్నాళ్లకు సాక్ష్యం మాయమైపోయే ఇంట్లో నేరస్థుడికి పేరు రాక ఏమొస్తుంది? కాలు పోయినప్పుడు ఎవరూ గమనించరు. మొలిచినప్పుడు మాత్రం ఫొటో తీస్తారు.

ఇంతకీ న్యూట్‌కూ, కప్పకూ ఆ ఎర్రటి పొట్ట ఎందుకో మనవాడికి తెలియదు. బెదిరితే న్యూటూ, కప్పా కూడా ఒళ్లు విల్లులా వంచి ఆ రంగు చూపిస్తాయి. 'నాలో విషముంది, దూరంగా ఉండు' అని దానర్థం. హెచ్చరిక బోర్డు రంగు నచ్చి జంతువును కొన్నాం మనం. ఫైర్ బెల్లీ న్యూట్ చర్మంలో ఉండే టెట్రోడోటాక్సిన్, జపాన్ వాళ్లు లైసెన్సున్న వంటవాళ్లతోనే కోయించుకునే ఫుగు చేపలో ఉన్న విషమే. అమెరికా పశ్చిమ తీరపు గరుకుచర్మం న్యూట్‌లో ఇది మరీ ఎక్కువ. 1979లో ఓరెగాన్‌లో 29 ఏళ్ల మనిషొకడు పందెం కాసి దాన్ని మింగి ప్రాణం పోగొట్టుకున్నాడు. కప్ప చర్మంలోనూ దాని విషాలు దానికున్నాయి. ఇందరికీ స్నానం, పానం, మలవిసర్జన ఒక్క బకెట్టు నీళ్లలోనే.

విషం పెట్టె దాటదు, రోగం దాటుతుంది. ఆసియా న్యూట్లు తాము పెద్దగా జబ్బుపడకుండానే మోసుకొచ్చే ఒక చర్మపు శిలీంధ్రం పెంపుడు జంతువుల వ్యాపారంతో యూరప్ చేరిందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. నెదర్లాండ్స్ అడవుల్లో న్యూట్ బంధువులైన ఫైర్ సాలమాండర్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక, 2013లో ఆ శిలీంధ్రాన్ని గుర్తించి పేరు పెట్టారు. ఆ భయంతోనే 2016 జనవరిలో అమెరికా 201 సాలమాండర్ జాతుల దిగుమతిని ఆపేసింది, న్యూట్లూ అందులో ఉన్నాయి. ఎక్కడెక్కడి జీవాల్నో ఒకే నీళ్లలో కలిపి, ఆ నీళ్లను పెరట్లో పారబోసే ఆశ్రమవాసులకు ఈ కబురు ఇంకా అందలేదు.

ప్రవాసి మీద నవ్వుకుని ఊరుకుందామంటే మన ఇళ్లేమీ తక్కువ తినలేదు. హైదరాబాద్‌లో, విజయవాడలో వాస్తు కోసమని గోల్డ్ ఫిష్ తొట్టెలో రూపాయి బిళ్లంత తాబేలు పిల్లను వేస్తారు. చెవి దగ్గర ఎర్రచార ఉండే ఆ అమెరికా తాబేలు పెరిగి పళ్లెమంతవుతుంది. లక్ష్మి వచ్చిందో లేదో తెలియదుగాని గోల్డ్ ఫిష్‌లు ఒక్కొక్కటే కనబడకుండా పోతాయి. అప్పుడు దయాగుణం పొంగి, తాబేలును గుడి కోనేట్లోనో, ఊరి చెరువులోనో వదిలి దణ్ణం పెట్టి వస్తారు. ప్రపంచంలోని వంద చెత్త చొరబాటు జీవుల జాబితాలో ఉన్న ప్రాణిని మన ఊరి తాబేళ్ల మీదికి తోలి, పుణ్యం మాత్రం మన ఖాతాలో రాసుకుంటాం.

చివరి అస్త్రం ఒకటుంటుంది: "ప్రకృతిలో అన్నీ కలిసే ఉంటాయి కదా!" ఏ ప్రకృతిలో? ఈ న్యూట్ తూర్పు చైనా చెరువులది. ఎనోల్ ఆగ్నేయ అమెరికా చెట్లది. బెట్టా థాయిలాండ్ పొలాల నీళ్లది. దుకాణదారు ఇన్వాయిస్‌లో తప్ప ఇవి ఎక్కడా కలవలేదు. పైగా ప్రకృతిలో గిట్టనివాడు ఎదురైతే పారిపోవడానికి దారి ఉంటుంది. పెట్టెలో నాలుగు వైపులా అద్దమే. పిల్లలకు ప్రకృతిని నేర్పడానికే పెట్టామంటారు. ఎదుటి ప్రాణి బాధ కనబడనంతవరకు అది సుఖంగానే ఉన్నట్టు లెక్క అన్న పాఠం మాత్రం పిల్లలు చక్కగా నేర్చుకుంటున్నారు.

న్యూట్‌ను పెంచడం నేరమేమీ కాదు. చల్లటి నీళ్లు, దాక్కోవడానికి చోటు, తనలాంటి తోడు ఉంటే అది పిల్లలు పెద్దయ్యేదాకా బతుకుతుంది. లెక్క ఒక్కటే: ఒక పెట్టెకు ఒక జాతి. వైవిధ్యం కావాలంటే రకరకాల మొక్కలు నాటండి. రెండో జంతువు కూడా కావాలంటే రెండో పెట్టె కొనండి. రెండో పెట్టెకు ఇంట్లో చోటు లేకపోతే రెండో జంతువుకూ లేదు.