ఉట్టికి 6, స్వర్గానికి 15

‘ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్’ అనే హైస్కూలు రోబోల పోటీకి ఏటా జనవరి మొదట్లో కొత్త ఆట నియమాలు విడుదలవుతాయి. ఆ సాయంత్రానికల్లా ప్రతి హైస్కూలు జట్టుకూ ఒక సంగతి ఖాయమైపోతుంది: తమ రోబో అందరికంటే పైకి ఎక్కుతుంది. ఎలా ఎక్కుతుందన్నది చిల్లర విషయం. దానికి ఫిబ్రవరి ఉందిగా.

2022 నాటి ర్యాపిడ్ రియాక్ట్ ఆటనే తీసుకోండి. నాలుగు కడ్డీలు, ఎక్కితే వరసగా 4, 6, 10, 15 పాయింట్లు. మొదటిది 4 అడుగుల ఎత్తున, చివరిది ఏడున్నర అడుగుల పైన. రెండోదాని దాకా కొక్కెం చాచి, తగిలించి, ఒళ్లు పైకి లాక్కుంటే సరి. ఆపైన ఒక కడ్డీకి వేలాడుతూనే పై కడ్డీని అందుకోవాలి, పాతది వదిలేయాలి, ఊగాలి, ఆ ఊపులో దేనికీ గుద్దుకోకూడదు. అంటే ఇంకో జత చేతులు, వాటిని కదిపే మోటార్లు, వాటన్నిటి బరువు. ఇవేవీ బోర్డు మీదికి రావు. 15 అని రాసి చుట్టూ సున్నా చుడతారు, చప్పట్లు కొడతారు. ఉట్టికి 6, స్వర్గానికి 15 అని నియమావళే ధరల పట్టీ ఇచ్చాక ఉట్టివైపు చూసే నామోషీ ఎవరికి కావాలి?

ఆ ఆటలో ఒక కూటమిగా ఆడే మూడు రోబోలూ కలిసి ఎక్కడంలో 16 పాయింట్లు తెస్తే, పట్టికలో స్థానం తేల్చే ర్యాంకింగ్ పాయింటు ఒకటి వచ్చేది. 6, 6, 4 కూడితే సరిగ్గా 16. అంటే రెండు మామూలు రోబోలు, ఒక మరీ మామూలు రోబో చాలు. పదిసార్లలో మూడుసార్లు అందే 15 సగటున నాలుగున్నరే. పదికి పదిసార్లూ అందే 6 మాత్రం 6. ఇది చిన్న తరగతుల గుణకారం. పెద్ద తరగతులవాళ్లకు చిన్నతనంగా ఉంటుంది కాబోలు.

బంపర్లు, బ్యాటరీ కలుపుకుని రోబో బరువు 70 కిలోలనుకుందాం. 60 సెంటీమీటర్లు లేపడానికి 400 జౌళ్ల పైచిలుకు పని. సెకనులో లేపాలంటే 400 వాట్లు, నాలుగు సెకన్లు ఓపిక పడితే 100. రాపిడి ఖర్చు అదనం. నిదానపు గేరు నమ్మకస్తురాలే గానీ వీడియోలో అందంగా ఉండదు. అందుకని వేగపు గేరు వేస్తారు, అదీ నిండు బ్యాటరీ లెక్కతో. ఎక్కే వేళకు ఆ బ్యాటరీ రెండు నిమిషాలు పరుగులు తీసి నీరసపడి ఉంటుందని దానికొక్కదానికే తెలుసు.

ఆట ముగియగానే మోటార్లకు కరెంటు ఆగుతుంది. పట్టి ఉంచేదేదీ లేకపోతే రోబో వచ్చిన దారినే కిందికి జారుతుంది. ఒకవైపే తిరిగే రాచెట్ పెడితే జారదు, కానీ అనుకున్నప్పుడు దిగదు కూడా. వర్మ్ గేరు పెడితే మోటారు శక్తిలో పెద్ద భాగం రాపిడికే నైవేద్యం. బ్రేకు పెడితే బరువు. మనవాళ్లు వీటన్నిటికంటే తేలికైనది కనిపెట్టారు: “జారదులే!” దాని బరువు సున్నా.

బరువంటే గుర్తొచ్చింది. ఆ ఏడాది బంపర్లు, బ్యాటరీ కాక 125 పౌండ్లు, అంటే దాదాపు 57 కిలోలు పరిమితి. ఎక్కే చేతుల్ని ఆఖరి వారంలో తగిలిస్తారు కనుక తూకంలో ముల్లు దాటేది కూడా ఆఖరి వారంలోనే. అప్పుడు డ్రిల్లు తెచ్చి దేనికి బెజ్జాలు పెడతారు? ఆఖర్న వచ్చిందానికే. మొత్తం బరువు మోయాల్సిన చేతులు జల్లెడవుతాయి.

అంతకుముందు 2017 ఆటలో కడ్డీలు కాదు, తాడెక్కితే 50 పాయింట్లు ఇచ్చారు. తిరిగే డ్రమ్ముకు తాడు చుట్టుకుంటే చాలు. డిజైన్‌లో గొప్పలు చెప్పుకోవడానికి పాపం ఏమీ మిగల్లేదు.

అమెరికాలోని మనవాళ్ల పిల్లలు కూడా ఈ జట్లలో ఉన్నారు. కాలేజీ అప్లికేషన్‌లో రాసే వ్యాసం చదివారా? పోటీలో రోబో ఎక్కడ ఆగిపోయినా, వ్యాసంలో మాత్రం ఎప్పుడూ నాలుగో కడ్డీకే వేలాడుతుంటుంది. అక్కడ బరువు పరిమితి లేదు, 650 పదాలు దాటకపోతే చాలు.