ఇళ్లు పోల్చి చూసేవాడి మొర

నాలుగిళ్లు చూసి, పోల్చుకుని, మంచిది కొనుక్కోవాలని పెద్దలు చెప్తారు. చెప్పిన పెద్దలంతా తాతల నాటి పెంకుటింట్లో పుట్టి అక్కడే పెరిగినవాళ్లు. హైదరాబాద్‌లో రెండు ఫ్లాట్లు పోల్చమంటే వాళ్లకీ తెలిసొచ్చేది.

నా ఫిర్యాదు ధర గురించి కాదు. దాని గురించి ఏడవడం మధ్యతరగతి ఎప్పుడో మానేసింది. పోల్చుకోవడానికి ఒక్క కొలత ఇప్పించండి మహాప్రభో అన్నదే నా మొర. నిజాంపేటలో చూసిందీ 1,500 అడుగులే, మియాపూర్‌లో చూసిందీ 1,500 అడుగులే. మొదటిదాంట్లో పిల్లలు పరిగెత్తొచ్చు. రెండోదాంట్లో సోఫా వేస్తే దాని మీద కూర్చున్నవాడి మోకాళ్లు టీవీకి తగులుతాయి. మిగతా అడుగులేవయ్యా అంటే, ‘సూపర్ బిల్టప్ సార్’ అన్నాడు అమ్మేవాడు. మెట్లు, కారిడార్, క్లబ్‌హౌస్, లిఫ్టు, అన్నిట్లోనూ మన వాటా ఉందట. అంటే నేను కొనే ఇంట్లో కొంత భాగం పొద్దస్తమానం పైకీ కిందకీ తిరుగుతూ ఉంటుంది.

2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో విడమరిచి చెప్పింది. లోపలి గోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు. బాగానే ఉంది. కానీ ఆ అంకె నాకు కనిపించేది అగ్రిమెంటు కాగితంలో, ఆ కాగితం కనిపించేది అడ్వాన్సు చేతులు మారాక. అంతవరకూ అంతా నోటిమాట అడుగులే.

అడుగులు కాదు, యూడీఎస్ చూడమన్నాడు ఆఫీసులో ఒక అనుభవజ్ఞుడు. నేలలో మన వాటా అన్నమాట. ఆకాశమంత టవర్లో అదెంతని అడిగితే అమ్మకాల కుర్రాడు మాట మార్చి స్విమ్మింగ్ పూల్ చూపించాడు.

ధరలోనూ ఇదే తంతు. కడుతున్న ఫ్లాటుకి 5 శాతం జీఎస్టీ, ఓసీ (కాపురానికి అనుమతి పత్రం) వచ్చిన ఇంటికి అది లేదు. ఒకడి రేటులో అన్నీ కలిసే ఉంటాయి. ఇంకొకడు ఫ్లోర్ రైజ్, కార్నర్, పార్కింగ్, కార్పస్ ఫండ్ అని ఒక్కొక్కటీ వడ్డిస్తాడు. ఈస్ట్ ఫేసింగ్‌కి వేరే. సూర్యుడు ఉచితంగా ఉదయిస్తున్న దిక్కుకి రుసుము మనం కట్టాలి! లేక్ వ్యూకి కూడా అదనమే. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక మాత్రం, చెరువు కనిపిస్తుందనగానే నేను బాల్కనీలోకి వెళ్లడం మానేసి, నిండు చెరువు హద్దు చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపు అడుగుతున్నాను.

ఇక మోడల్ ఫ్లాట్. లైట్లూ, అద్దాలూ, ప్లాస్టిక్ ఆపిల్ పళ్లూ. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టేపు తీసి మంచం కొలిచింది. పొడవు ఐదున్నర అడుగులు. గదులకి తలుపుల్లేవేం బాబూ అంటే, ‘పెడితే ఇరుగ్గా కనిపిస్తాయి మేడమ్’ అన్నాడు కుర్రాడు. ఆ పూట మేము విన్న ఏకైక నిజం అది. ఈలోగా మా బావమరిది ఫోన్లో దిక్సూచి తెరిచి, ‘ఈశాన్యంలో బాత్రూం ఉంది బావా’ అని ఆ ఇంటిని కొట్టిపారేశాడు. రెండడుగులు జరిగి చూస్తే అది ఆగ్నేయం చూపించింది. ఇంట్లోవాళ్లు మాత్రం మొదటి దిక్కుకే కట్టుబడ్డారు.

అందువల్ల ఏలినవారికి నా విన్నపం. రాష్ట్రమంతటికీ ఒకటే టేపు, ఒకటే దిక్సూచి జారీ చేయాలి. మోడల్ ఫ్లాట్ మంచం మీద అమ్మేవాణ్ణే ఒక రాత్రి పడుకోబెట్టాలి. కాళ్లు ఎంత బయటికి వస్తే అంత మేర ధర తగ్గించాలి.